పడవ ప్రయాణానికి ముందు ఒక పద్దు

మా తుంగతుర్తికి నది లేదు. చెరువులున్నాయి, పాతబడిన మోటబావులున్నాయి, శ్రీరాంసాగర్ రెండవ దశ కాలువ పుణ్యమా అని ఇటీవలి కాలంలో గోదావరి నీళ్ళు ఈ దిక్కుకు తొంగిచూశాయి. అంతే. నదిని కళ్ళారా చూడాలంటే సూర్యాపేట దాటి, మిర్యాలగూడ దాటి, కృష్ణలో మూసీ కలిసే వాడపల్లికి పోవలసిందే. అక్కడికైనా మా వాళ్ళు విహారానికి పోరు. పన్నెండేళ్ళకొకసారి పుష్కరానికి పోతారు. లేదా ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు అస్థికలు కలపడానికి పోతారు. నీళ్ళంటే మొక్కవలసినవీ, మునగవలసినవీ గాని, వాటి మీద కూర్చుండి టీ త్రాగవలసినవి కావు మాకు.

అటువంటి ఊరి వాడిని నేను పడవ ప్రయాణాల ఖర్చుల గురించి వ్రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. కాని గడచిన రెండేళ్ళలో ముగ్గురు నన్ను ఇదే విషయం అడిగారు. పక్కింటి రిటైరైన మాస్టారు పాపికొండలకు పోవాలనుకొన్నారు. మేనకోడలు విశాఖ నుండి ఓడ ఎక్కాలనుకొన్నది. సియాటిల్‌లో ఉన్న మా తమ్ముడు అమ్మను అలాస్కా ఓడలో త్రిప్పుతానంటున్నాడు. ముగ్గురి మొదటి ప్రశ్న ఒక్కటే: "మొత్తం ఎంత అవుతుంది?"

ఆ ప్రశ్న రెండవదిగా ఉండాలని నా అభిప్రాయం. మొదటి ప్రశ్న ఇది: రేవు దాకా పోయి, ఎక్కకుండా వెనక్కి తిరిగి వస్తే ఎంత పోతుంది? ఆ మొత్తాన్ని పోగొట్టుకోగల స్తోమత ఉన్నప్పుడే టిక్కెట్టు కొనాలి. బస్సుకూ రైలుకూ ఈ లెక్క అక్కరలేదు, నీటికి కావాలి. ఎందుకో చెప్పడానికి ఒక పాత గొడవ చెప్పాలి.

మా అమ్మకు గోదావరి మీద పడవ ఎక్కాలని చిన్ననాటి కోరిక. మూగమనసులు సినిమా వచ్చిన 1964లో ఆమెకు పదేళ్ళు. సూర్యాపేటలో చూసిందట. ఆ నది, ఆ పడవ ఆమె కళ్ళలో ఉండిపోయాయి. 2018 ఆగస్టులో ఆ కోరిక తీరుద్దామని బయలుదేరాము. పదకొండుమందిమి, ఒక తుఫాన్ బండి, పులిహోర డబ్బాలు. ఒక మధ్యవర్తికి తలకు వేయి చొప్పున పదకొండు వేలు ముందే కట్టాము. ఖమ్మం మీదుగా భద్రాచలం చేరి, రాత్రి అక్కడ ఉన్నాము. తెల్లవారి చూస్తే గోదావరి ఎర్రగా, ఇటుకల బట్టీ నీళ్ళలాగా, దుంగలను తోసుకొని పోతున్నది. పై నుండి వాన ఆగలేదు.

మధ్యవర్తి ఫోనులో, "బోటు పోతది, ఏం గాదు. మీరు రాకుంటె మాత్రం అడ్వాన్సు రాదు" అన్నాడు.

మా చెల్లెలి భర్తకు కోపం వచ్చింది. నా మీద. "ఇంత దూరమొచ్చి పదకొండు వేలు నీళ్ళల్ల పోసుడా బావా? అందరు పోతలేరా?"

నేను మాట్లాడలేకపోయాను. ఎందుకంటే నా మనసులోనూ అదే లెక్క తిరుగుతున్నది. పదకొండు వేలు, బండి కిరాయి, గదుల అద్దె, పిల్లల ఏడుపు. నది ఎట్లున్నదని కాదు, డబ్బు ఎంత పోతుందని ఆలోచిస్తున్నాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉన్నది.

అమ్మ కొంగు నడుముకు చెక్కి బండి ఎక్కి కూర్చుంది. "పైసలు నీళ్ళల్ల పోతె పోనియ్యి కొడుకా, మనం పోకుంటె చాలు. రాములోరి దర్శనం చేసుకొని ఇంటికి పోదం" అన్నది. అంతటితో తీర్పు అయిపోయింది. దర్శనం చేసుకొని, పర్ణశాల చూసి, తిరిగి వచ్చాము. చెల్లెలి భర్త మూడు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ రోజు ఆ బోటు పోయింది. క్షేమంగా వచ్చింది కూడా. పోయినవాళ్ళు ఫొటోలు తీసుకొన్నారు. కనుక మా అమ్మకు దివ్యదృష్టి ఉన్నదని నేను చెప్పబోవడం లేదు. బోటు తిరిగి వచ్చినా ఆమె నిర్ణయం సరియైనదే అని చెబుతున్నాను. నిర్ణయం మంచిదా కాదా అన్నది అది చేసిన క్షణంలో కంటికి కనిపించిన నీళ్ళను బట్టి తేలుతుంది గాని, సాయంత్రం ఎవరు ఇల్లు చేరారన్న దాన్ని బట్టి కాదు.

మరుసటి సంవత్సరం, 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండిపోచమ్మ గుడి వద్ద నుండి పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ అనే బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగిపోయింది. డెబ్బయిమందికి పైగా ఉన్నారు దానిలో. ప్రాణాలతో బయటపడ్డవారు 26 మంది. పోయినవారిలో మన వరంగల్ పక్కన కడిపికొండ వాళ్ళున్నారు, హైదరాబాదు వాళ్ళున్నారు. బోటును అక్టోబరు 22న, ముప్పయి ఏడు రోజుల తరువాత, కాకినాడ నుండి వచ్చిన ధర్మాడి సత్యం బృందం పైకి తీసింది. ఆ రోజు కూడా గోదావరి వరద మీదనే ఉన్నది.

ఆ రాత్రి చెల్లెలి భర్త ఫోను చేశాడు. ఎక్కువ మాట్లాడలేదు. "అత్తమ్మకు ఇయ్యి బావా ఫోను" అన్నాడు. వాళ్ళిద్దరూ ఏమి మాట్లాడుకొన్నారో నేను అడగలేదు.

కచ్చులూరు తరువాత నది పొడవునా బోట్ల కోసం కంట్రోల్ రూములు పెట్టారు, తనిఖీలు పెరిగాయి. మంచిదే. కాని పర్యాటకుడి జేబులో ఉండే ఆ ఒత్తిడిని ఏ కంట్రోల్ రూమూ తీసివేయలేదు. ముందే కట్టిన డబ్బు మనిషిని నీళ్ళలోకి నెడుతుంది. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకొన్నాము. ప్రయాణపు ఖర్చులు వ్రాసే నోటుబుక్కులో మొట్టమొదటి పద్దు పేరు "పోయిన సొమ్ము". ఆఖరి గంటలో మానుకొంటే తిరిగి రాని మొత్తాన్ని అంచనా వేసి, బయలుదేరకముందే ఖర్చు అయిపోయినట్లు వ్రాసేస్తాము. పోయింది కనుక ఇక దాని గురించి దుఃఖం లేదు. రేవులో నిలబడినప్పుడు నీళ్ళను మాత్రమే చూడవచ్చు. ప్రయాణం సవ్యంగా సాగితే ఆ సొమ్ము దొరికినట్లే, సంతోషం. మొదట్లో చెల్లెలి భర్త, "పోకముందే పోయిందని రాస్తరా ఎవరన్న, అపశకునం" అన్నాడు. ఇప్పుడు ఆ పద్దు అతడే వ్రాస్తాడు.

ఈ పద్ధతిలో మొదటి ప్రయాణం 2024 కార్తికంలో చేశాము. నాగార్జునసాగర్ నుండి శ్రీశైలానికి లాంచీ. మా జిల్లా వాళ్ళకు అన్నింటికన్న దగ్గరి నీటి విహారం అదే. అయినా మా ఊళ్ళో నూటికి తొంభైమందికి అది ఉన్నదని తెలియదు.

ఈ లాంచీ సంవత్సరం పొడుగునా నడవదు. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. మట్టం బాగా పడిపోతే పైన కొండల నడుమ లాంచీ పోయేటంత లోతు ఉండదు. కనుక వానాకాలం వరదలు వచ్చి జలాశయం నిండిన తరువాత, సుమారుగా శరత్కాలంలోనే అవకాశం. తగినంతమంది కుదిరిన రోజుననే కదులుతుంది. అంటే తేదీ మనము నిర్ణయించేది కాదు, నీళ్ళూ తోటి ప్రయాణికులూ కలిసి నిర్ణయించేది. ఇది తెలియక సెలవు పెట్టి, గదులు ముందే పూర్తిగా డబ్బు కట్టి తీసుకొని, చివరకు డ్యాము మీద ఫొటోలు దిగి వచ్చినవాళ్ళున్నారు. మొదట లాంచీ ఖాయం చేసుకోవాలి. బండి, గది ఆ తరువాత.

ఇంకొక చిక్కు. సాగర్ నిండే కాలమూ కార్తికమూ ఒకటే. లాంచీ నడిచే రోజులలోనే శ్రీశైలంలో గదులు దొరకవు. శని, ఆది, సోమ వారాలు అసలే దొరకవు. లాంచీ టిక్కెట్టు మీద మిగుల్చుకొన్నది గది అద్దెలో పోతుంది. వీలైనంతవరకు సోమవారం కలవకుండా చూసుకొన్నవాడు తెలివైనవాడు.

మా లెక్క ఇక్కడ పెడుతున్నాను. ఏడుగురం: పెద్దలు అయిదుగురు, చెల్లెలి పిల్లలు ఇద్దరు. ఆ నవంబరులో తెలంగాణ పర్యాటక సంస్థ ఒకవైపు ప్రయాణానికి పెద్దలకు 2,000 రూపాయలు, పిల్లలకు 1,600 అని ప్రకటించింది. టిక్కెట్లకు 13,200 అయ్యాయి. మూడు రోజులకు ఇన్నోవా కిరాయి, డీజిలు, డ్రైవరు బత్తా కలిపి 11,500. లాంచీ ఉదయం పూట బయలుదేరుతుంది కనుక ముందటి రాత్రి సాగర్‌లో ఉండాలి, రెండు గదులకు 3,600. శ్రీశైలంలో గదులకు 4,800. భోజనాలకు 5,000. దర్శనం, పూజ, పిల్లల బొమ్మలు, చిల్లర మల్లర 2,900. మొత్తం 41,000. గమనించండి, లాంచీ టిక్కెట్టు మొత్తంలో మూడవ వంతు కూడా లేదు. "లాంచీకి రెండు వేలేనట" అని బయలుదేరిన మనిషికి తలకు ఆరు వేల దగ్గర తేలుతుంది.

బండి సంగతి చాలామంది మరచిపోతారు. మనము నీళ్ళ మీద శ్రీశైలం పోతాము, బండి సాగర్‌లోనే ఉంటుంది. దాన్ని డ్రైవరు దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా చుట్టు తిప్పి శ్రీశైలం తేవాలి. ఆ దారి అమ్రాబాద్ పులుల అడవిలో నుండి పోతుంది. రాత్రి 9 నుండి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు మూసివేస్తారు. లాంచీ సాయంత్రానికి డ్యాము కింద లింగాలగట్టు చేరుతుంది. అప్పుడు దర్శనం చేసుకొని రాత్రికే ఇంటికి పోదామనుకొనేవారు అడవి గేటు ముందు కునుకుపాట్లు పడవలసి వస్తుంది. ఒక రాత్రి ఉండక తప్పదు, ఆ గది డబ్బు ముందే వ్రాసుకోవాలి.

"పోయిన సొమ్ము" పద్దులో మేము 9,000 వ్రాశాము. లాంచీ ఆఖరి నిమిషంలో రద్దయినా, మేమే మానుకొన్నా పోయేవి బండి ఒకరోజు కిరాయి, సాగర్ గదులు, టిక్కెట్ల మీద కోత. అదృష్టవశాత్తూ ఆ సొమ్ము మిగిలింది. దానితో చెల్లెలి పిల్లలకు సైకిలు కొన్నాము, ఇద్దరికీ కలిపి ఒకటి. దాని మీద కొట్లాట ఇంకా నడుస్తున్నది.

ఇక ప్రయాణం. నూరు కిలోమీటర్లకు పైనే, రోజంతా. రెండు వైపులా నల్లమల. మొదటి గంటలో నాగార్జునకొండ కనిపిస్తుంది. ఇప్పుడది ద్వీపం, ఒకప్పుడు లోయలో లేచిన కొండ. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరగడానికి కాస్త ముందుగా, 1954లో అక్కడ త్రవ్వకాలు మొదలుపెట్టి, మునిగిపోయేలోగా ఇక్ష్వాకుల కాలపు కట్టడాలను కొన్నింటిని పైకీ, కొన్నింటిని అనుపుకూ తరలించారు. ఏలేశ్వరం మాత్రం నీళ్ళ కిందనే ఉండిపోయింది. ఈ సంగతి చెబితే అమ్మ చాలాసేపు నీళ్ళలోకి చూసి, "అయితె మనం ఊర్ల మీదికెల్లి పోతున్నం" అన్నది. తరువాత కొండల సందులోకి పోతున్నకొద్దీ ఇంజను చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఫోను సిగ్నలు ఉండదు. పిల్లలకు రెండు గంటల తరువాత విసుగు వచ్చింది, నిజమే చెప్పాలి. పెద్దలకు కూడా నాలుగవ గంటలో వచ్చింది. పుస్తకమో పేకముక్కలో ఉంచుకోండి. లైఫ్ జాకెట్టు మాత్రం ఎక్కినప్పుడు తొడుక్కొన్నది దిగేవరకు తీయవద్దు. భోజనాల వేళ అందరూ ఉక్కపోతని తీసి కుర్చీకి తగిలిస్తారు. అప్పుడు అది కుర్చీని రక్షిస్తుంది.

అంత డబ్బు పెట్టలేని వారికి, లేదా చంటిపిల్లలున్న వారికి, నా సలహా సాగర్ నుండి నాగార్జునకొండ వరకు పోయివచ్చే లాంచీ. సగం పూట చాలు, ఖర్చు కూడా పిల్లల పుట్టినరోజు పండుగ కన్న తక్కువ. పైన మ్యూజియం కూడా చూడవచ్చు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. మా పక్కింటి మాస్టారికి ఇదే చెప్పాను. ఆయన పాపికొండలే కావాలన్నారు. సరే, అయితే వరదలు తగ్గిన తరువాత, చలికాలంలో పోండి, వేడుకోలు మీద బయలుదేరే చిన్న పడవ ఎక్కకండి అన్నాను. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పడవ ఎక్కి ఇరవైమందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఒంగోలు నుండి కార్తికమాసపు విహారానికి వచ్చిన పెద్దవయసు వారు. నీళ్ళు వరదలో కూడా లేవప్పుడు.

సముద్రం మీద ఓడ సంగతి వేరు. అది పడవ కాదు, తేలే హోటలు. మునుగుతుందన్న భయం తక్కువ, బిల్లు భయం ఎక్కువ. 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ విశాఖ నుండి పుదుచ్చేరి, చెన్నైలకు తిరిగినప్పుడు మనవాళ్ళలో మొదటిసారిగా ఈ వేడుక మీద మోజు పుట్టింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభమయ్యింది. మా మేనకోడలు ప్రకటనలో ఉన్న ధర చూసి, దాన్ని నాలుగుతో హెచ్చవేసి, అదే ఖర్చు అనుకొన్నది. ప్రకటనలో ఉండేది ఒక మనిషికి, అదీ గదిలో ఇద్దరున్నప్పుడు. ఒక్కరే పోతే రెండవవారి ధరలో చాలా భాగం కట్టాలి. దాని మీద రేవు రుసుము, పన్ను, రోజుకు మనిషికి ఇంత అని సిబ్బందికి ఇచ్చే బక్షీసు వేరుగా వస్తాయి. భోజనం టిక్కెట్టులోనే ఉంటుంది. శీతల పానీయాలు, ప్రత్యేకమైన హోటలు, ఇంటర్నెట్టు, మసాజు, దిగిన ఊళ్ళో చుట్టిచూపించే బస్సు ఉండవు. ఓడలో నగదు అడగరు, కార్డు గీకితే చాలు. కనుకనే ఖర్చు తెలియదు. ఇంటిల్లిపాదికీ రోజుకు ఇంత అని ఒక హద్దు కాగితం మీద వ్రాసుకొని, ప్రతి రాత్రీ కౌంటరులో లెక్క అడిగి చూసుకోవాలి. దిగే రోజు చూసుకొంటే ఆలస్యం.

ఇంకా విశాఖ దాకా పోవడం ఉన్నది. సూర్యాపేట వాళ్ళు రాత్రి బస్సు ఎక్కి ఉదయం దిగి నేరుగా ఓడ ఎక్కుదామనుకొంటారు. బస్సు దారిలో ఆగిపోతే ఓడ ఆగదు. ఒకరోజు ముందే చేరడం ఖర్చు కాదు, బీమా. గది విషయంలో కిటికీ లేనిది అన్నింటికన్న చవుక. రెండు రాత్రులకు అది చాలు, పగలంతా డెక్కు మీదనే ఉంటాము కదా. అయితే కడుపు తిప్పే స్వభావమున్న వారు ఓడ నడిమధ్యలో, కింది అంతస్తులో గది అడగాలి. ఊపు అక్కడ తక్కువ. బంగాళాఖాతం వానాకాలంలో ఎగసిపడుతుంది, ఆ తరువాత తుఫానులు. ఓడ దారి మారవచ్చు, ఒక రేవు మానుకోవచ్చు. 2022 జూన్‌లోనే పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతించక ఓడ అక్కడ ఆగలేదు. పుదుచ్చేరి చూద్దామని మాత్రమే ఎక్కినవాళ్ళ సంగతి ఊహించుకోండి. ఓడను చూడడానికి ఓడ ఎక్కాలి, ఊళ్ళను చూడడానికి రైలు ఎక్కాలి. ఇది నా పక్షపాతం, ఎవరైనా విభేదించవచ్చు.

మేనకోడలు నా లెక్కంతా విని, "మామయ్యా, నువ్వు చెప్పేది వింటే ఇల్లు కదలబుద్ధి కాదు" అన్నది. అట్లా అనిపిస్తే తప్పు నాదే. నేను వద్దనడం లేదు. అసలు ఖర్చు తెలిసినవాడు ఓడలో కూర్చుండి సుఖంగా ఉంటాడనీ, తెలియనివాడు ఐస్‌క్రీము తింటూ కూడా లెక్కలు వేసుకొంటాడనీ అంటున్నాను.

ఇప్పుడు మా ఇంటి ముందున్న అసలు సమస్య. తమ్ముడి అలాస్కా.

సియాటిల్ నుండి వేసవిలో వారం రోజుల ఓడలు చాలా పోతాయి. జూనో, స్కాగ్వే, కెచికాన్ వంటి ఊళ్ళు, మంచునదులు. అమెరికాలోని మన తెలుగువాళ్ళు ఊరి నుండి తల్లిదండ్రులు వచ్చిన సంవత్సరం ఈ ప్రయాణం పెట్టుకోవడం పరిపాటి అయ్యింది. అమ్మా నాన్నా ఎక్కువ నడవనక్కరలేదు, సామాను మళ్ళీ మళ్ళీ సర్దనక్కరలేదు, మూడు పూటలా తిండి. మంచి ఆలోచనే. తమ్ముడు గదుల ధరలు పంపాడు. నేను నోటుబుక్కు తెరిచి "పోయిన సొమ్ము" వ్రాయడం మొదలుపెట్టాను. అక్కడ కలం ఆగింది.

సియాటిల్ నుండి అలాస్కా పోయేవి దాదాపు అన్నీ విదేశీ జెండా ఓడలు. 1886 నాటి ఒక అమెరికా చట్టం ప్రకారం విదేశీ ఓడ అమెరికా రేవుల మధ్యనే ప్రయాణికులను తిప్పి తేకూడదు, మధ్యలో ఒక పరదేశపు రేవును తాకాలి. అందుకని తిరుగు దారిలో కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. చాలాసార్లు సాయంత్రమో రాత్రో. ఆ కొన్ని గంటల కోసం భారతీయ పాస్‌పోర్టు ఉన్న మా అమ్మకు కెనడా వీసా కావాలి. ఓడ దిగనని చెప్పినా సరిపోదు. తిరిగి అమెరికాలో అడుగుపెట్టడానికి ఆమె అమెరికా వీసా ఒకటికి మించిన ప్రవేశాలకు చెల్లాలి. 2017లో తీసుకొన్న పదేళ్ళ వీసా అటువంటిదే గనుక ఆ చిక్కు లేదు, గడువు మాత్రం చూసుకోవాలి. కెనడా వీసా లేకుండా రేవుకు పోతే ఓడ ఎక్కనివ్వరు. డబ్బూ తిరిగి రాదు. తమ్ముడికి ఇది తెలియదు. వాడు పౌరుడయ్యాడు, పాస్‌పోర్టు మారినవాడికి ఇటువంటివి గుర్తుండవు. తప్పు కాదు, అట్లా జరుగుతుంది.

రెండవది వైద్యం. అమ్మకు డెబ్బయి దాటాయి, రక్తపోటు ఉన్నది. తల్లిదండ్రులకు అమెరికాలో తీసుకొనే సందర్శకుల బీమా ఓడ మీద చెల్లుతుందో లేదో కాగితం చదవాలి. ఓడలో డాక్టరు ఉంటాడు, కాని ఆయన ఫీజు గది బిల్లులోకి ఎక్కుతుంది. పెద్ద జబ్బయితే హెలికాప్టరులో తీరానికి దింపవలసి వస్తే ఆ ఖర్చు మా రెండెకరాల ధరను అడుగుతుంది. కనుక ఓడకు ప్రత్యేకించిన బీమా, పాత జబ్బులకు కూడా వర్తించేది, మొదట కొని తరువాత గది గురించి మాట్లాడమన్నాను. పూర్తి డబ్బు కట్టవలసిన గడువు ఓడ కదలడానికి రెండు మూడు నెలల ముందే వస్తుంది, అది దాటితే కోత పెరుగుతూ పోతుంది. ఆ తేదీకి ముందే వీసా చేతిలో ఉండాలి. లేకుంటే ఆ సంవత్సరానికి మానుకోవాలి. తమ్ముడు, "అన్నా, నువ్వు ప్రతిదానికీ మానుకోవడం గురించే మాట్లాడుతావు" అన్నాడు.

వాడు భద్రాచలంలో లేడు. వాడికి ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు.

ఈ వాదన అంతా అమ్మ వింటున్నది. తమ్ముడితో వీడియో కాల్ అయిపోయిన తరువాత నన్ను పిలిచి, "గోదాట్ల అయితె బండెక్కి ఇంటికొచ్చినం. గా సముద్రంల నడుమ నాకు మంచిగ లేకుంటె ఎట్లొస్తరు?" అని అడిగింది. నా నోటుబుక్కులోని పద్దు రేవులో నిలబడినవాడి కోసం. ఎక్కిన తరువాత దానిలో ఏమీ లేదు. అదే ఆమెతో చెప్పాను. హెలికాప్టరు మాట కూడా చెప్పాను, ధర చెప్పలేదు.

కొంతసేపు ఆలోచించి, "మంచునది అంటె తెల్లగుంటదా, నీలంగుంటదా?" అన్నది. ఫోనులో ఫొటో చూపించాను. నీలంగానే ఉంటుంది, చాలా చోట్ల. ఆ ఫొటోను పక్కింటి మాస్టారి భార్యకు కూడా చూపించిందట.

రేపు సూర్యాపేటకు పోయి అమ్మకు ఫొటో తీయించాలి. అమెరికా వీసాకు ఇచ్చిన చదరపు ఫొటో కెనడాకు పనికిరాదు, 35 మిల్లీమీటర్లకు 45 కావాలట. వేలిముద్రలకు హైదరాబాదు వేరే పోవాలి. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, "పోయిన సొమ్ము" కింద కెనడా వీసా రుసుమూ, హైదరాబాదు బస్సు ఛార్జీలూ వ్రాశాను.